ఏడో గడిలో పది జీవాలు

బోడిమల్లదిన్నె బీడులో ఎలుక బొక్కలో పడి ఒక గొర్రె కాలు విరిగింది. మా విభాగం దీని మీద పదకొండు నెలలు శ్రమించి, నూట నలభై పేజీల ఫైలు తయారుచేసి, తప్పు గొర్రెదేనని తేల్చింది. ఆ నూట నలభై పేజీలూ టైపు కొట్టింది నేనే. ఆఫీసు సంగతులు బయట చెప్పకూడదని ఒక ఉత్తర్వు ఉంది. దాన్నీ నేనే టైపు కొట్టాను కాబట్టి అందులో ఎంత బలముందో నాకు తెలుసు.

ముందు బీడు గురించి చెప్పాలి. ఊరికి పడమరగా నాలుగు వందల ఎకరాల ఎర్రనేల. రాళ్ళు, తంగేడు పొదలు, వాన పడితే పిక్కల దాకా లేచే గడ్డి. ఊళ్ళోని ఆరు గొర్రెల మందలు ఆ గడ్డి మీదే బతికేవి. ఏటా తొలకరి పడగానే కాపరులంతా గడ్డపారలు పట్టుకొని బీడు మీదికి పోయి, ఎలుక బొక్కల్లో నీళ్ళు పోసి, రాళ్ళు కుక్కి, పైన ముళ్ళకంప పరిచి మట్టి కప్పేవాళ్ళు. మూడు రోజుల పని. ఎవరూ ఎవరికీ చెప్పేది లేదు, ఎవరినీ అడిగేది లేదు. ఏ ఆఫీసూ లేకుండా ఒక పని తాతల కాలం నుంచి సవ్యంగా జరిగిపోతోందంటే పైవాళ్ళకు నిద్ర పట్టదు. అందుకని మేత భూముల సమగ్ర పర్యవేక్షణ విభాగం పుట్టింది. పుట్టిన నెలలోనే బీడు మొదట్లో పచ్చ బోర్డు పాతింది. 'అనుమతి లేనిదే తవ్వరాదు, పూడ్చరాదు, పొగ పెట్టరాదు.' కాపరుల్లో చదవగలిగినవాళ్ళు ఇద్దరే గానీ, బోర్డుకు భయపడటానికి చదువు అక్కర్లేదు. రెండు తొలకర్లు గడిచాయి. బొక్కలు ఎవరూ పూడ్చలేదు. ఎలుకలు మాత్రం బోర్డును లక్ష్యపెట్టకుండా తవ్వుకుంటూనే ఉన్నాయి.

ఆ రెండో ఏడు శ్రావణంలో కురుబ కరెన్న మా ఆఫీసుకి వచ్చాడు. అరవై దాటిన మనిషి. భుజాల మీద నల్ల కంబళి, కంబళి మీద గొర్రె. దాని ముందుకాలికి వెదురు బద్దలు పెట్టి పాత చీరపేలికతో కట్టు కట్టి ఉంది. నల్లటి నుదుటి మీద బొట్టంత తెల్ల మచ్చ.

"దీన్నెందుకు తెచ్చావు?" అన్నాను.

"నోటితో చెప్తే నమ్మరని తెచ్చినా సామీ. బీడు నిండా బొక్కలే. జీవాలు మేయనీకి పోతే కుంటుకుంటా వస్తాండాయి. ఉండే గడ్డి ఏర్లతో సహా ఎలకలే కొరికేస్తాండాయి. మీరేమీ ఇయ్యద్దు. మేమే పూడ్చుకుంటాం. సరే అనండి, అదే చాలు."

నా ఉద్యోగంలో ఒక మనిషి ఏమీ ఇవ్వొద్దని అర్జీ పెట్టుకోవడం అదే మొదటిసారి. అలాంటి అర్జీకి మా దగ్గర ఫారమే లేదు. తెల్లకాగితం మీద అతను చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టి, వేలిముద్ర వేయించి, ఉప సంచాలకులు భుజంగరావుగారి గదిలోకి తీసుకుపోయాను.

భుజంగరావుగారు అంతకు ముందు వారమే ఎక్కడో చల్లని ఊళ్ళో మూడు రోజుల శిక్షణ పొంది వచ్చారు. శిక్షణ పేరు 'సంఖ్యాధారిత పాలన'. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చాక ఎవరైనా టీ బాగుందంటే, పదికి ఎన్ని మార్కులని అడుగుతున్నారు.

"ఎన్ని ఎలుకలు?" అని అడిగారు కరెన్నను.

"శానా ఉండాయి సార్."

"శానా అన్నది ఏ గడిలో రాయమంటావయ్యా? సంఖ్య లేని సమస్యను సమస్య అనరు, అభిప్రాయం అంటారు. అభిప్రాయాలపై చర్య గైకొను అధికారం నాకు దఖలు పరచబడలేదు."

కరెన్న గొర్రె కాలు ముందుకు చాపి చూపించాడు. భుజంగరావుగారు కాలు చూడలేదు. సొరుగులోంచి రాజధాని పంపిన కొత్త సర్క్యులర్ తీసి పైకి చదివారు. ఏ మేత భూమిలోనైనా ఎవరి సంఖ్య ఎక్కువో వారే ప్రధాన వినియోగదారులు. తక్కినవారు అతిథి వినియోగదారులు. ప్రధాన వినియోగదారుల సౌకర్యానికి భంగం కలగకుండా అతిథులు మసలుకోవలెను. దాన్ని రాసినాయన మనసులో ఏ రెండు ఊళ్ళ పశువుల తగాదానో ఉండి ఉంటుంది. కాగితం మీద మాత్రం 'మేసే జీవి' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో, 'మేసే జీవి అనగా గడ్డి తినునది' అని ఉంది.

భుజంగరావుగారు కరెన్న అర్జీ మళ్ళీ చదివి, ఎలుకలు గడ్డి కొరికేస్తున్నాయన్న వాక్యం కింద ఎర్ర గీత గీశారు.

"ఎలుకలు గడ్డి తింటున్నాయని నువ్వే రాసిచ్చావు కదా?"

"అవును సార్. అదే గదా నేను చెప్తాండేది."

"అయితే అవి మేసే జీవులు. ఉభయ పక్షముల గణన జరపవలసి యున్నది. అర్జీదారుని స్వయం అంగీకారాన్ని ఫైలులో చేర్చండి" అని నా వైపు తిరిగారు.

కరెన్నకు ఇందులో 'చేర్చండి' ఒక్కటే అర్థమైంది. పని మొదలైందనుకొని దణ్ణం పెట్టి, గొర్రెను మళ్ళీ భుజాల మీదికి ఎత్తుకొని వెళ్ళిపోయాడు.

గణనకు ఇద్దరం వెళ్ళాం. గొర్రెల లెక్క నాది. ఎలుకల లెక్క నిహాల్ అనే కన్సల్టెంటుది. ఇరవై ఆరేళ్ళు, తెల్ల బూట్లు, చేతిలో ట్యాబు. ఎలుక కనిపిస్తే జీపు బానెట్ ఎక్కేవాడు. అందుకని బొక్కలను లెక్కపెడతానన్నాడు.

నా చేతిలో పద్నాలుగు గడుల ఫారం ఉంది. పేరు, తండ్రి పేరు, బీడుకూ ఇంటికీ దూరం, ఇలా పోతే ఏడో గడి, 'వినియోగదారు వద్ద గల మేసే జీవుల సంఖ్య'. కరెన్న దొడ్డి దగ్గర నిలబడి అడిగాను.

"కరెన్నా, జీవాలు ఎన్ని ఉన్నాయి?"

అతను కంబళి సర్దుకున్నాడు. నేల వైపు చూశాడు. "ఏవో, ఓ పది జీవాలు ఉండాయి సామీ."

అతని వెనక కంపదొడ్డి గొర్రెలతో కిక్కిరిసి ఉంది. వాటి అరుపుల్లో అతని మాట నాకు సగమే వినిపించింది.

అతను అబద్ధమాడలేదు. మా సీమలో గొర్రెల కాపరి ఎవడూ తన మంద ఇంత అని నోటితో చెప్పడు. చెబితే దిష్టి తగులుతుంది, మంద తరిగిపోతుంది. వంద ఉన్నా పదే, మూడొందలు ఉన్నా పదే. తనకు తాను కూడా లెక్కపెట్టుకోడు. సాయంత్రం దొడ్డి వాకిట్లో నిలబడి ఒక్కో మొహం చూస్తూ లోపలికి వదులుతాడు. ఆఖరున, బొట్టుది రాలేదు, చెవి చీలింది రాలేదు అనుకుంటూ వెతకడానికి పోతాడు. ఈ సంగతి మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. నాకూ తెలుసు. నా చిన్నప్పుడు పిల్లోడు ఎన్ని ముద్దలు తింటాడని ఎవరైనా అడిగితే, మా అవ్వ 'యాడ, ఒగ ముద్ద కూడా దిగదు' అనేది. మూడు ముద్దలు తిని అక్కడే కూర్చుని ఉండేవాణ్ణి.

కానీ ఫారం వెనక గణకులకు సూచనలున్నాయి. అందులో నాలుగోది, 'వినియోగదారు చెప్పినది చెప్పినట్లు నమోదు చేయవలెను. గణకుడు తన కళ్ళను ఉపయోగించరాదు.' ఇరవై ఏళ్ళ సర్వీసులో నేను ఒక్క సూచన కూడా మీరలేదు. ఏడో గడిలో పది అని రాశాను.

కరెన్న భార్య సన్నక్క చెంబుతో మజ్జిగ తెచ్చింది. "ఏమని రాస్తివి నాయనా?" అని అడిగింది.

"పది అని రాశానక్కా."

ఆమె ముఖం విప్పారింది. "మంచి పని చేస్తివి. మొన్న వచ్చిన టీకాల సారు గొర్రె గొర్రెకూ వేలు చూపిచ్చి లెక్కబెట్టె. నువ్వు తెలిసినోనివి. సల్లగుండు." ఇంకో చెంబు మజ్జిగ పోసింది. రెండూ తాగాను.

తక్కిన ఐదు మందల వాళ్ళూ తలా పది చెప్పారు. మొత్తం అరవై.

బీడులో నిహాల్ బొక్క బొక్కకూ సున్నం చుక్క పెట్టుకుంటూ నాలుగు రోజులు తిరిగాడు. ఐదు వేల నూట పన్నెండు బొక్కలు తేలాయి. బొక్కకు ఎనిమిది ఎలుకల చొప్పున హెచ్చవేయాలని అతని ట్యాబులో ఉంది. పక్కనే ఉన్న కరెన్న మొహమాటంగా అడ్డం వచ్చాడు.

"ఒగ ఎలకకి నాలుగు వాకిళ్ళుంటాయి సామీ. పాము ఈ తట్టు దూరితే అది ఆ తట్టు పారిపోతాది. మీరు వాకిళ్ళు లెక్కబెడితే ఎట్ల?"

నిహాల్ ఓపిగ్గా వివరించాడు. "నాలుగు వాకిళ్ళున్నాయంటే అది పెద్ద కుటుంబం అన్నమాట. అందుకే ఎనిమిది వేస్తున్నాం. కడుపులో ఉన్న పిల్లలు కూడా ఇందులోనే వస్తారు."

"మా గొర్రెలు కూడా చూడివే సామీ. వాటి కడుపులోవి?"

"అవి ఇంకా పుట్టలేదు కదా" అన్నాడు నిహాల్.

నెలాఖరుకు సమీక్షా సమావేశం జరిగింది. నిహాల్ గోడ మీద బొమ్మలు వేసి చూపించాడు. ఎలుకలు నలభై వేల ఎనిమిది వందల తొంభై ఆరు. గొర్రెలు అరవై. గోడ మీద ఎలుకల గీత పైకప్పు దాకా పోయింది. గొర్రెల గీత ఎక్కడుందో చూపించడానికి అతను మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. భుజంగరావుగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇన్నాళ్ళూ మనం ఎంత అన్యాయం చేస్తున్నాం" అన్నారు. "నలభై వేల మంది వినియోగదారుల వాణి ఏ అర్జీలోనూ ప్రతిబింబించలేదు."

'మంది' అనవచ్చునా అని నేను అడగలేదు. టైపు కొట్టాను. ఆ రోజు నుంచి మా కాగితాల్లో ఎలుక అనే మాట పోయి 'ప్రధాన వినియోగదారు' వచ్చింది. బొక్క పోయి 'బిలము' వచ్చింది.

వారం తిరక్కుండా కరెన్నకు తాఖీదు పోయింది. గొర్రె కాలు బిలంలో పడి విరిగిందన్నది ఒక పక్షం వాదన మాత్రమేనని, స్థల పరిశీలనలో గొర్రె కాలే బిలము పైకప్పును కూల్చినట్లు రుజువైందని, ప్రధాన వినియోగదారుని నివాసానికి కలిగించిన నష్టానికి ఎందుకు చర్య తీసుకోరాదో పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవలెనని అందులో ఉంది. నేరం చేసిన కాలు విరిగిన కాలే కావడం గొర్రె దురుసు నడకకు సాక్ష్యమని కూడా ఉంది. ఆ ఆఖరి వాక్యం భుజంగరావుగారు స్వయంగా చెప్పి రాయించారు. బాగా వచ్చిందని రెండుసార్లు చదివించుకున్నారు.

కార్తీకంలో బహిరంగ విచారణ పెట్టారు. బీడులోనే, పచ్చ బోర్డు పక్కన షామియానా వేశారు. విచారణ నిబంధనల ప్రకారం ఇరు పక్షాలూ హాజరు కావాలి. ప్రధాన వినియోగదారులు తాఖీదు బొక్కల దగ్గర అంటించినా రాలేదు. వారి తరఫున మాట్లాడటానికి ఒక అధికారి కావాలన్నారు. అందరికీ పనులున్నాయి. నాకు ఉన్న పనికి తోడుగా 'మూషిక పక్ష ప్రతినిధి' బాధ్యత అప్పగిస్తూ ఉత్తర్వు వచ్చింది. దాన్నీ నేనే టైపు కొట్టి, నేనే అందుకొని, నేనే సంతకం పెట్టాను.

నాకు కుడి వైపున మెత్తటి కుర్చీ వేశారు. కాపరులు అతిథులు గనుక ఎడమ వైపు నేల మీద కూర్చున్నారు. సన్నక్క నన్ను చూసి, కాసేపు అర్థంకాక, మళ్ళీ చూసింది.

"ఎలకల తట్టు కూసున్యావా నాయనా?"

"డ్యూటీ అక్కా."

"మా ఇంట్ల మజ్జిగ తాగితివి గదా" అంది. కుర్చీ నాకు గుచ్చుకోవడం మొదలైంది.

భుజంగరావుగారు గొంతు సవరించుకొని కరెన్నను లేవమన్నారు. "రికార్డు ప్రకారం నీ దగ్గర పది గొర్రెలున్నాయి. ఆరుగురివీ కలిపి అరవై. అరవై గొర్రెలకు నాలుగు వందల ఎకరాలు దేనికయ్యా? ఇంత అత్యాశ తగునా?"

కరెన్న లేచి నిలబడ్డాడు. బీడంతా నిండి ఉంది. ఊరి జనం, మా సిబ్బంది, పక్క ఊరివాళ్ళు. ఒక్క అంకె చెబితే ఆ ప్రశ్న అక్కడే కూలిపోయేది. అతని పెదాలు కదిలాయి. సన్నక్క అతని పంచె చెంగు పట్టుకొని కిందికి లాగింది. ఇన్ని కళ్ళ ముందు చెప్పొద్దని దాని అర్థం. తక్కిన ఐదుగురూ నేల వైపు చూస్తున్నారు.

"ఏవో, ఓ పది జీవాలే సార్" అన్నాడు కరెన్న.

"మూషిక పక్షం ఏమంటుంది?" అని నన్ను అడిగారు.

నోరు తెరిచి నిజం చెప్పడానికి నాకు దొరికిన రెండో అవకాశం అది. "పక్షానికి అభ్యంతరం లేదండి" అన్నాను.

ఉత్తర్వు ఆ సాయంత్రమే వెలువడింది. ప్రతి అతిథీ తన పేర నమోదైన పది జీవులను మాత్రమే బీడులో మేపుకోవచ్చు. నడిచేటప్పుడు బిలముల మీద కాలు పడకుండా చూసుకోవాలి. బొక్కలు పూడ్చుకుంటామన్న కరెన్న కోరికను, అది నివాస గృహాలను సజీవంగా పూడ్చివేయు ప్రతిపాదన గనుక, తిరస్కరించడమైనది. అభ్యంతరాలున్నవారు పదిహేను రోజుల్లో మళ్ళీ గణన కోరవచ్చు.

నాలుగో రోజు కరెన్న ఆఫీసుకి వచ్చాడు. ఈసారి భుజాల మీద కంబళి ఒక్కటే ఉంది. నా బల్ల ముందు నిలబడ్డాడు.

"పది అనేది తప్పు పడిందని నువ్వు ఒగ మాట రాయి సామీ."

"నువ్వు చెప్పిందే కదా కరెన్నా నేను రాసింది."

"నేను చెప్తి, నిజమే. నేను ఎందుకట్ల చెప్తినో నీకు తెలుసు గదా."

నేను టైపు మిషను మీద దుమ్ము తుడిచాను. అతను ఇంకో మాట అన్నాడు. "సరే. లెక్కబెట్టుకోండి. పుష్యంలో ఈనేవి శానా ఉండాయి. ఇప్పుడు బీడు ఇడిసి బైట తిరిగితే పిల్ల నిలవదు, తల్లి నిలవదు. మా నాయన ఎన్నడూ లెక్కబెట్టనియ్యల్యా. నేను పెట్టిస్తాండా."

మళ్ళీ గణన ఒక పొద్దుటిపూట జరిగింది. కరెన్న దొడ్డి కంప తీసి, ఒక్కో గొర్రెనూ బయటికి వదులుతూ, తను మాత్రం మొహం అటు తిప్పుకొని నిలబడ్డాడు. పుట్టి బుద్ధెరిగాక ప్రతి సాయంత్రం ప్రతి గొర్రె మొహం చూసిన మనిషి ఆ గంటసేపు ఇంటి గోడ వైపు చూస్తూ ఉన్నాడు. నిహాల్ చేతిలో లెక్కపెట్టే మీట ఉంది. గొర్రె దాటినప్పుడల్లా అది టిక్కుమంటోంది. టిక్కుమన్నప్పుడల్లా కరెన్న భుజం అదురుతోంది. చివర బొట్టుది కుంటుతూ దాటింది.

"నూట ఎనభై ఆరు" అని నిహాల్ గట్టిగా చెప్పాడు.

సన్నక్క చెవులు మూసుకుంది. తర్వాత దోసెడు ఉప్పూ మిరపకాయలూ తెచ్చి మంద చుట్టూ మూడుసార్లు తిరిగి పొయ్యిలో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు లెక్క. రాలేదు. ఆమె పొయ్యి ముందు చాలాసేపు కూర్చుంది. నేను నా ఫారం మడుచుకుని జీపెక్కాను.

భుజంగరావుగారికి ఈ నూట ఎనభై ఆరు చాలా నచ్చింది. అయితే కరెన్న అనుకున్న విధంగా నచ్చలేదు.

"మొదటి గణనలో పది. బహిరంగ విచారణలో, నా సమక్షంలో, పది. వేలిముద్ర ఉంది. కాబట్టి అతనివి పదే. అవునా?"

"అవునండి."

"మరి ఈ నూట డెబ్బై ఆరూ ఎక్కడివి?"

నేను ఫైలులో పేజీ తిప్పాను.

"బయటివి" అన్నారాయన మెల్లగా, ఒక గొప్ప కుట్రను ఛేదించినవాడిలా. "విచారణకూ మళ్ళీ గణనకూ మధ్య సంఖ్యాబలం నిమిత్తం అక్రమంగా ప్రవేశపెట్టబడిన జీవులు. ప్రధాన వినియోగదారుల మెజారిటీని దెబ్బతీసే ప్రయత్నం. ఏడు రోజుల్లో తరలించకపోతే బందెలదొడ్డికి తోలించండి."

టైపు కొట్టాను. నూట డెబ్బై ఆరు అని కొట్టేటప్పుడు ఏడు అంకె దగ్గర కాగితం ఇరుక్కుంది. దాన్ని తీసి మళ్ళీ కొట్టాను. ఆ క్షణంలో నేను చేసిన తిరుగుబాటు అంతే.

తక్కిన ఐదుగురు కాపరులూ ఇదంతా చూశారు. మళ్ళీ గణన కోరుతూ ఇక ఒక్క అర్జీ రాలేదు. తలా పది గొర్రెలను బీడులో వదిలి, మిగతా మందల్ని ఎటు దారి దొరికితే అటు తోలుకుపోయారు. కరెన్న పదింటిని విడదీయడానికి ఒప్పుకోలేదు. "ఏ పదిని ఇడిసిపెట్టేది? అన్నీ నా జీవాలే గదా" అన్నాడు. ఏడో రోజు పొద్దున్నే చూడి గొర్రెలనన్నిటినీ ముందు పెట్టుకొని, బొట్టుదాన్ని భుజాన వేసుకొని, సన్నక్కతో సహా తూర్పు దారి పట్టాడు. ఆ దారిలో గడ్డి లేదని వాళ్ళకూ తెలుసు, మాకూ తెలుసు. మా కాగితంలో మాత్రం 'అతిథి స్వచ్ఛందంగా సహకరించెను' అని ఉంది.

తర్వాత బీడులో గమ్మత్తు జరిగింది. మేసేవాళ్ళు చాలక గడ్డి నిలువునా ఎదిగి ఎండిపోయింది. ఎండుగడ్డిలోకి పాములు చేరాయి. పాములు చేరేసరికి ప్రధాన వినియోగదారులు మూటాముల్లే సర్దుకొని, దిగువన బోర్ల కింద వేసిన శనక్కాయ చేలలోకి దిగారు. రైతులు లబోదిబోమంటూ మా ఆఫీసుకి వచ్చారు. శనక్కాయ గడ్డి కాదు గనుక అది తినే ప్రాణి మేసే జీవి కాదని, విషయం మా పరిధిలోకి రాదని చెప్పి పంపించాం. వాళ్ళు ఏ విభాగానికి పోయారో తెలియదు.

బీడులో ఒక్క ఎలుక లేదని భుజంగరావుగారికి చెప్పాను. అది నేను ఆయనకు సొంతంగా చెప్పిన మొదటి మాట.

"బిలములు ఉన్నాయా?" అన్నారు.

"ఉన్నాయండి."

"ఎన్ని?"

"ఐదు వేల నూట పన్నెండు."

"ఎనిమిది పెట్టి హెచ్చవేయండి" అన్నారు. వేశాను. నలభై వేల ఎనిమిది వందల తొంభై ఆరు. ఒక్కటి కూడా తగ్గలేదు. ఇంత నిలకడగల జనాభాను తాను మరెక్కడా చూడలేదని ఆయన రాజధానికి రాశారు. అక్కడినుంచి మెచ్చుకోలు వచ్చింది.

ఆషాఢంలో వార్షిక గణనకు మళ్ళీ ఫారాలు పట్టుకొని వెళ్ళాను. పచ్చ బోర్డు దగ్గర కరెన్న కనిపించాడు. కంబళి లేదు. గడ్డం పెరిగింది. సన్నక్క అతని పక్కనే రాయి మీద కూర్చుని ఉంది. నన్ను చూసి కూడా లేవలేదు, మజ్జిగ తాగమనలేదు. వాళ్ళ ముందు ఎండుగడ్డిలో కొన్ని గొర్రెలు మేస్తున్నాయి. ఒకటి కుంటుతోంది. నుదుటి మీద తెల్ల మచ్చ ఉంది.

ఏం జరిగిందని నేను అడగలేదు. అడిగే గడి ఫారంలో లేదు. ఊళ్ళోవాళ్ళు చెప్పిందే తెలుసు. పుష్యంలో చూడి గొర్రెలు రోడ్ల పక్కన ఈనాయి. పిల్లలకు పాలు లేవు. తల్లులకు మేత లేదు. మాఘంలో నోటి పుండ్ల రోగం పట్టింది. మిగిలినవాటిని దారిలో సంతల్లో కసాయివాళ్ళు అడిగిన ధరకు ఇచ్చేశారు.

ఫారం తీశాను. పెన్ను బాగానే రాస్తోంది. ఏడో గడి దగ్గర ఆగాను.

"కరెన్నా, జీవాలు..." అన్నాను.

అతను నేల వైపు చూడలేదు. కంబళి లేదు కాబట్టి సర్దుకోనూ లేదు. నా మొహంలోకి సూటిగా చూశాడు.

"పది" అన్నాడు. "కండ్లతోనే లెక్కబెట్టుకో సామీ. ఇంగ దిష్టి తగలనీకి ఏముండాది."

సర్వీసులో మొదటిసారి నాలుగో సూచన మీరి, కళ్ళతో లెక్కపెట్టాను. ఒకటికి రెండుసార్లు పెట్టాను. పదే ఉన్నాయి.

రాశాను.

ఆ నెల సమీక్షా సమావేశంలో నిహాల్ గోడ మీద కొత్త బొమ్మ వేశాడు. బోడిమల్లదిన్నె, అతిథి వినియోగదారు కరెన్న, తొలి గణన పది, తుది గణన పది, దోషం సున్నా. విభాగం చరిత్రలో ఇంత కచ్చితమైన గణకుడు లేడని అందరూ చప్పట్లు కొట్టారు. భుజంగరావుగారు స్వయంగా నాకు శాలువా కప్పి ప్రశంసాపత్రం ఇచ్చారు.

ఆ ప్రశంసాపత్రాన్ని కూడా ముందు రోజు నేనే టైపు కొట్టాను. 'చెప్పినది చెప్పినట్లు నమోదు చేసిన' అన్న చోట ఒక్క తప్పు కూడా పడలేదు.